సంప్రదింపులు, జెండర్, మూస భావనలు: కృష్ణా డెల్టా నుంచి ఒక చారిత్రక పరిశీలన

1. లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• సంప్రదింపుల అధ్యయనంలో స్త్రీ పురుషుల గురించిన మూస భావనలు ఎలా ప్రవేశించాయో, వాటిని తరువాతి పరిశోధన ఎలా సవరించిందో వివరించగలుగుతారు.
• పల్నాటి గాథ, కూచిపూడి భామాకలాపం వంటి ఆధారాలను జెండర్ దృష్టితో చదవగలుగుతారు.
• కూలి, ఆస్తి, సారా వ్యతిరేక ఉద్యమం అనే మూడు రంగాల్లో తెలుగు స్త్రీల బేరశక్తి ఏ పరిస్థితుల్లో పెరిగిందో, ఎక్కడ ఆగిపోయిందో విశ్లేషించగలుగుతారు.

2. పరిచయం

ఇద్దరి ప్రయోజనాలు వేరుగా ఉండి, ఒకరి అంగీకారం లేకుండా మరొకరి పని జరగనప్పుడు, మాటల ద్వారా ఒక ఒప్పందానికి వచ్చే ప్రయత్నాన్ని సంప్రదింపులు అంటాం. చరిత్ర పుస్తకంలో ఈ మాట కనబడగానే సంధులు, రాయబారాలు, రౌండ్ టేబుల్ సమావేశాలు గుర్తుకొస్తాయి. కాని సంప్రదింపులు రాజసభల్లోనే జరగవు. విజయవాడ నుంచి మచిలీపట్నం వెళ్ళే దారిలో ఉన్న ఉయ్యూరునే తీసుకోండి. చుట్టూ వరి, చెరకు పొలాలు, ఊళ్ళో చక్కెర కర్మాగారం. ఇక్కడ నాట్ల కూలి, కౌలు, పెళ్ళి సంబంధం, అన్నదమ్ముల పంపకం అన్నీ బేరంతోనే తేలతాయి. వీటిలో చాలావాటిలో స్త్రీలు ఒక పక్షం. అయినా రాయబారానికి శాసనమో కావ్యమో సాక్ష్యంగా మిగులుతుంది కాని గట్టు మీద కుదిరిన కూలి బేరానికి ఏ కాగితమూ మిగలదు.

భాషలో కూడా ఈ తేడా కనిపిస్తుంది. పురుషుల బేరానికి తెలుగులో మంతనం, రాయబారం, రాజీ, పెద్దమనుషుల ఒప్పందం వంటి గౌరవప్రదమైన మాటలున్నాయి. అదే పని స్త్రీ చేస్తే సాధింపు, గయ్యాళితనం, అలక అనే మాటలు వస్తాయి. మన పెళ్ళిళ్ళలోని అలకపాన్పును గమనించండి. కొత్త అల్లుడు అలిగి కూర్చుంటాడు, అత్తమామలు అతడు కోరినది ఇచ్చి లేపుతారు. ఇది అందరూ నవ్వుతూ అంగీకరించే బేరం. ఆ అలకకు ఒక పాన్పు, ఒక ముహూర్తం, ఒక కానుక ఉన్నాయి. భార్య అలిగితే మాత్రం అది ఆమె స్వభావం అవుతుంది. చేసిన పని ఒకటే, దానికి పెట్టిన పేరు వేరు. ఒక సమూహంలోని వారందరికీ పుట్టుకతోనే ఒకే గుణం ఉంటుందని ముందే నిర్ణయించుకునే ఇలాంటి ఆలోచననే మూస భావన అంటాం.

స్త్రీలు బేరమాడలేరా? లేక వారు ఆడిన బేరాన్ని మనం బేరంగా గుర్తించలేదా? ఈ పాఠంలో పరిశీలించే ప్రధాన ప్రశ్న ఇదే.

3. సంప్రదింపుల అధ్యయనం: మూస ఎలా వచ్చింది, ఎలా సడలింది

సంప్రదింపులు ప్రత్యేక అధ్యయన రంగంగా 20వ శతాబ్దం రెండో భాగంలో అమెరికా విశ్వవిద్యాలయాల్లో బలపడ్డాయి. జెఫ్రీ రూబిన్, బెర్ట్ బ్రౌన్ 1975లో ప్రచురించిన గ్రంథంలో, అప్పటివరకు జరిగిన ప్రయోగాలను సమీక్షించి, స్త్రీలు ఎదుటి మనిషి ప్రవర్తనకు, సంబంధానికి ఎక్కువగా స్పందిస్తారని వాదించారు. రోజర్ ఫిషర్, విలియం యూరీ 1981లో రాసిన ‘గెటింగ్ టు యెస్’ ఈ రంగంలో అత్యంత ప్రచారం పొందిన పుస్తకం. పంతాలను పక్కనబెట్టి ప్రయోజనాల గురించి మాట్లాడాలన్నది అందులోని సూత్రం. అయితే బేరం ఆడుతున్నది స్త్రీయా పురుషుడా అన్నది దాని ప్రధాన చర్చల్లో లేదు.

1998, 1999లలో ఆలిస్ స్టూల్‌మాకర్, ఆమె సహ పరిశోధకులు అనేక ప్రయోగాల ఫలితాలను కలిపి లెక్కించారు. స్త్రీ పురుషుల మధ్య తేడా ఉన్నమాట నిజమే గాని, అది చాలా చిన్నదని తేలింది. 2001లో లారా క్రే, లీ థాంప్సన్, ఆడమ్ గలిన్‌స్కీ మరో మెట్టు ముందుకు వెళ్ళారు. ఈ పరీక్ష మీ సామర్థ్యాన్ని తేలుస్తుందని మాత్రమే చెప్పినప్పుడు పురుషులకు మెరుగైన ఫలితం వచ్చింది. స్త్రీలు బేరంలో వెనుకబడతారనే మూసను బాహాటంగా చెప్పినప్పుడు, ఆ మాటకు ఎదురు తిరిగినట్లుగా స్త్రీలే పైచేయి సాధించారు. పుట్టుకతో వచ్చిన గుణమైతే ఒక్క మాటతో ఇలా తారుమారు కాదు.

2003లో లిండా బాబ్‌కాక్, సారా లాషెవర్ స్త్రీలు తమకోసం అడగడం తక్కువని ఒక పుస్తకంలో చూపారు. అయితే ఎందుకు అడగరు? 2007లో హన్నా రైలీ బోల్స్, బాబ్‌కాక్, లీ లాయ్ చేసిన పరిశోధన దీనికి జవాబు వెతికింది. ఎక్కువ జీతం అడిగిన స్త్రీతో కలిసి పనిచేయడానికి ఎదుటివారు విముఖత చూపారు. పురుషుడు అడిగితే, ముఖ్యంగా అంచనా వేసేది పురుషుడైనప్పుడు, అంత విముఖత రాలేదు. అంటే స్త్రీ మౌనం వెనుక పిరికితనం కంటే లెక్క ఎక్కువ. అడిగితే వచ్చేదానికన్నా పోయేది ఎక్కువని ఆమెకు తెలుసు. 2015లో యెన్స్ మజై, అతని సహచరులు చేసిన సమీక్ష మరో విషయం తేల్చింది. అనుభవం ఉన్నప్పుడు, బేరం ఏ హద్దుల మధ్య జరుగుతుందో ముందే తెలిసినప్పుడు, తనకోసం కాక మరొకరి తరఫున మాట్లాడినప్పుడు స్త్రీ పురుషుల మధ్య తేడా తగ్గిపోతుంది.

ఈ పరిశోధనలు ఎక్కువగా జీతాల గురించి, పాశ్చాత్య విద్యార్థుల గురించి చేసినవి. కుటుంబంలో జరిగే బేరాన్ని అర్థం చేసుకోవడానికి మన ఆర్థికవేత్తలు ఇద్దరు దారి చూపారు. కుటుంబంలో సహకారమూ ఘర్షణా కలిసే ఉంటాయని అమర్త్య సేన్ 1990లో వివరించారు. బీనా అగర్వాల్ 1994, 1997లలో చేసిన రచనల్లో భూమిని కేంద్రంగా తీసుకున్నారు. బేరం తెగిపోతే ఎవరు ఏ ఆధారంతో నిలబడగలరన్నదే వారి బేరశక్తిని నిర్ణయిస్తుంది. ఆ ఆధారాన్ని ఈ పాఠంలో వెన్నుదన్ను అని పిలుద్దాం. పొలం, ఉద్యోగం, పుట్టిల్లు, సంఘం, చట్టం ఇవన్నీ వెన్నుదన్నులే. టర్కీకి చెందిన డెనీజ్ కండియోటి 1988లో, పితృస్వామ్యం విధించిన నియమాల లోపలే స్త్రీలు తమకు కొంత భద్రత దక్కేలా బేరం కుదుర్చుకుంటారని రాశారు.

ఈ చర్చ నుంచి మూడు ప్రశ్నలు తీసుకుందాం. ఆమె ఎవరి తరఫున మాట్లాడుతోంది? ఆమె వెన్నుదన్ను ఏమిటి? అడిగినందుకు ఆమె చెల్లించే మూల్యం ఏమిటి? ఇకపై ప్రతి ఉదాహరణనూ ఈ మూడు ప్రశ్నలతో చూద్దాం.

అవగాహనను పరీక్షించుకోండి – 1
అ) 2001 నాటి ప్రయోగం మూస భావన గురించి ఏమి తెలియజేస్తుంది?
ఆ) వెన్నుదన్ను అంటే ఏమిటి? మీ ప్రాంతం నుంచి ఒక ఉదాహరణ ఇవ్వండి.

4. కథనాల్లో మంత్రిణి: నాయకురాలు నాగమ్మ

12వ శతాబ్దపు పల్నాటి యుద్ధం గురించి మనకున్న ప్రధాన ఆధారం వీరగాథ. శ్రీనాథుని పేరుతో ప్రసిద్ధమైన ద్విపద కావ్యం, వీరవిద్యావంతులు తరతరాలుగా పాడుతూ వచ్చిన కథలు దానికి రూపమిచ్చాయి. గురజాలలో నలగాముని పక్షాన నాగమ్మ, మాచర్లలో మలిదేవుని పక్షాన బ్రహ్మనాయుడు మంత్రాంగం నడిపారు. కోడిపందెంలో ఓడిన పక్షం ఏడేళ్ళు రాజ్యం విడిచి వెళ్ళాలన్నది ఇరుపక్షాలూ ఒప్పుకున్న షరతు. గడువు ముగిశాక రాజ్యభాగం అడగడానికి అలరాజు రాయబారిగా వచ్చాడు. అతడు విషప్రయోగంతో మరణించడంతో రాజీ దారి మూసుకుపోయి కారెంపూడి యుద్ధం జరిగింది.

ఈ కథలో రాజ్యాన్ని పందెంగా ఒడ్డింది రెండు పక్షాలు. కాని పందెంలో మోసానికీ రాయబారి మరణానికీ గాథ నాగమ్మనే బాధ్యురాలిని చేస్తుంది. బ్రహ్మనాయుడి ఎత్తుగడ రాజనీతిగా, చాపకూడు సంస్కరణగా నిలిచింది. నాగమ్మ ఎత్తుగడ కుతంత్రంగా మిగిలింది. ఇంతమాత్రాన నాగమ్మ నిర్దోషి అని చెప్పడం చరిత్రకారుని పని కాదు. గాథ మాచర్ల పక్షపు వీరులను కీర్తించడానికి పుట్టిందని, వారిని వీరులుగా నిలబెట్టడానికి ఒక ప్రతినాయిక అవసరమైందని గుర్తించాలి. నాగమ్మ తన రాజు తరఫునే మాట్లాడింది. అయినా అధికారం ఆమె చేతిలోనే కనబడటం వల్ల, మరొకరి తరఫున మాట్లాడేవారికి దొరికే మన్నన ఆమెకు దక్కలేదు.

కాకతీయ రుద్రమదేవి దీనికి మరో పార్శ్వం. శాసనాలు ఆమెను రుద్రదేవ మహారాజు అనే పురుషనామంతో పేర్కొన్నాయి. సామంతులతో వ్యవహరించే సింహాసనానికి మగ పేరు ఒక రక్షణ కవచమైంది. మార్కోపోలో మోటుపల్లి ప్రాంతపు రాణి న్యాయపాలనను మెచ్చుకున్నాడు గాని ఆమెను రాజు భార్యగా, వితంతువుగా భావించాడు. నిజానికి ఆమె గణపతిదేవుని కుమార్తె. పాలించే స్త్రీని చూసినప్పుడు ఆమె ఎవరో ఒక మగవాని తరువాత మిగిలిన స్త్రీ అయి ఉంటుందని అనుకోవడం కూడా మూసే.

5. కూచిపూడి వేదిక: మాధవి బేరం

ఉయ్యూరు నుంచి పామర్రు మీదుగా వెళితే కూచిపూడి వస్తుంది. సిద్ధేంద్రయోగి రచనగా సంప్రదాయం చెప్పే భామాకలాపానికి పుట్టిల్లు ఈ ఊరు. కథ అంతా ఒక రాయబారమే. కృష్ణుడికి దూరమైన సత్యభామ లేఖ రాసి చెలికత్తె మాధవి చేత పంపుతుంది. మాధవి ఊరికే వెళ్ళదు. లేఖ తీసుకువెళ్ళాలంటే సత్యభామ ముక్కుపుడక కావాలంటుంది. సత్యభామ ఇంకేదైనా అడగమంటుంది, మాధవి పట్టు విడవదు. ప్రేక్షకులు బాగా నవ్వుకునే ఘట్టాల్లో ఇది ఒకటి.

ఇందులో చరిత్ర విద్యార్థి చూడవలసినవి మూడు. ఒకటి, వేదిక మీద సత్యభామ పురుషుడు. తరతరాలుగా కూచిపూడి భాగవతుల కుటుంబాల్లోని మగవారే స్త్రీ వేషం కట్టారు. 20వ శతాబ్దంలో వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామ పాత్రతో దేశమంతటా పేరు పొందారు. కాబట్టి ఆ నడకలోని వయ్యారం, మాటలోని అలక స్త్రీ ఇలా ఉంటుందని పురుషులు ఊహించి తీర్చిదిద్దిన రూపం. రెండు, మధ్యవర్తి పాత్ర. సూత్రధారుడే సత్యభామ దగ్గర మాధవిగానూ, కృష్ణుడి దగ్గర మాధవుడిగానూ మాట్లాడతాడు. ఏ పక్షం వద్దకు వెళితే ఆ పక్షానికి సరిపడే జెండర్‌లో మాట్లాడాలని ఈ ఏర్పాటు సూచిస్తుంది. మూడు, బేరంలో గెలిచేది చెలికత్తె. తన పని లేకుండా యజమానురాలి పని జరగదని ఆమెకు తెలుసు. ఆమె వెన్నుదన్ను అదే.

చెలికత్తె గెలిచిన ఈ బేరాన్ని వేదిక హాస్యంగా మార్చింది. గాథ నిందగా మార్చినదాన్ని నాటకం నవ్వుగా మార్చింది. రెండింటిలోనూ స్త్రీ బేరం ఉంది, కాని దానికి గంభీరమైన పేరు లేదు.

6. పొలం గట్టు మీద: నాట్ల కూలి

1855 నాటికి బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తయ్యాక కృష్ణా డెల్టాలో కాలువల కింద వరి సాగు విస్తరించింది. నాట్లు, కలుపు స్త్రీల పనులుగా, దుక్కి, గట్లు పురుషుల పనులుగా స్థిరపడ్డాయి. ఆడకూలి, మగకూలి అని రెండు రేట్లు ఏర్పడ్డాయి. 1948 కనీస వేతనాల చట్టం, 1976 సమాన వేతన చట్టం వచ్చాయి. అయితే పనులే వేరుగా ఉన్నచోట, ఒకే పనికి ఒకే వేతనం అనే సూత్రం సులువుగా అందదు. నడుం వంచి రోజంతా బురదలో చేసే పనిని తేలిక పని అని పిలవడంలోనే మూస దాగి ఉంది.

నాట్ల పనిని స్త్రీలు తరచు ముఠాగా చేరి ఎకరానికి ఇంత అని గుత్తకు ఒప్పుకుంటారు. ముఠా తరఫున ఒక స్త్రీ రైతుతో మాట్లాడుతుంది. ఈ బేరం ఎప్పుడు బలంగా ఉంటుంది? కాలువకు నీళ్ళు వదిలాక రైతులందరికీ దాదాపు ఒకేసారి నాట్లు పడాలి. నారు ముదిరితే దిగుబడి తగ్గుతుంది. ఆ కొద్ది వారాల్లో రైతుకు ఆగే వీలు లేదు, ముఠాకు మరో పొలం సిద్ధంగా ఉంటుంది. అదే స్త్రీలు పని పలచబడిన నెలల్లో ఇచ్చిన కూలికే ఒప్పుకుంటారు. మనుషులు వారే, స్వభావమూ అదే, మారింది వెన్నుదన్ను మాత్రమే.

స్త్రీలందరికీ ఒకే మూస వర్తించదని కూడా ఇక్కడ గమనించాలి. భూమి ఉన్న ఇంటి కోడలికి అణకువ గుణంగా చెప్పబడింది. గడప దాటి బేరమాడితే ఇంటి పరువు పోతుందని ఆమెను ఆపారు. కూలి స్త్రీకి, అందులోనూ దళిత స్త్రీకి, నోరు గలది అనే ముద్ర వేశారు. మొదటి మూస ఆమెను మాట్లాడనివ్వదు. రెండోది ఆమె మాట్లాడినా విననివ్వదు. కులం, వర్గం కలపకుండా జెండర్‌ను మాత్రమే చూస్తే ఈ తేడా కనబడదు.

7. ఆస్తి పంపకం: అడగని వాటా

కూలి బేరంలో ముఠా కోసం గట్టిగా మాట్లాడిన స్త్రీ, అన్నదమ్ముల ముందు తన వాటా గురించి మౌనంగా ఉండవచ్చు. సంప్రదింపుల చరిత్రలో అసలైన పరీక్ష ఇదే.

చట్టం క్రమంగా మారింది. 1937 చట్టం వితంతువుకు భర్త ఆస్తిలో పరిమిత హక్కు ఇచ్చింది. 1956 హిందూ వారసత్వ చట్టం స్త్రీ ఆస్తిని ఆమె సంపూర్ణ ఆస్తిగా గుర్తించి, తండ్రి స్వార్జితంలో కూతురిని వారసురాలిని చేసింది. కాని ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు కొడుకులకే మిగిలింది. ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో ఆంధ్రప్రదేశ్ 1986లో సవరణ తెచ్చి, 1985 సెప్టెంబరు 5 నుంచి కూతుళ్ళకూ ఆ హక్కు వర్తింపజేసింది. ఆ తేదీకి ముందే పెళ్ళయినవారికి మాత్రం వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన కేంద్ర సవరణ పెళ్ళయిన కూతుళ్ళనూ చేర్చింది. ఆ తేదీకి తండ్రి జీవించి ఉండనవసరం లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

చట్టం ఇచ్చినదంతా చేతికి రాలేదు. డెల్టాలో కూతురికి పసుపు కుంకుమల కింద కొంత పొలం, బంగారం, కట్నం ఇచ్చే అలవాటు ఉంది. పంపకాల వేళ, ఆమె వాటా పెళ్ళిలోనే ముట్టిందన్న మాట వస్తుంది. ఎంత ముట్టింది, ఎవరి చేతికి ముట్టింది అనే లెక్క మాత్రం రాదు. కట్నం తరచు అత్తింటివారి అదుపులోకి వెళుతుంది. పొలం ఆమె పేరుతో ఉన్నా పెత్తనం మరొకరిది కావచ్చు. చివరికి హక్కు విడుదల దస్తావేజుపై సంతకం కోసం ఆడపడుచును సబ్‌రిజిస్ట్రారు కార్యాలయానికి తీసుకువస్తారు.

ఆమె ఎందుకు సంతకం చేస్తుంది? మంచి ఆడపడుచు అడగదు అన్న మూస ఒక కారణం. దాని వెనుక గట్టి లెక్క కూడా ఉంది. అత్తింట్లో కష్టం వస్తే వెళ్ళడానికి ఉన్న చోటు పుట్టిల్లు. పండగ పిలుపు, చీర సారె, పురుడు, పిల్లల శుభకార్యాల్లో మేనమామ చేయి ఇవన్నీ ఆ ఇంటితో ముడిపడి ఉన్నాయి. వాటా అడిగితే ఆ తలుపు మూసుకుపోతుందన్న భయం ఆమెది. ఒక వెన్నుదన్నును కాపాడుకోవడానికి మరో వెన్నుదన్నును వదులుకుంటోంది. కండియోటి చెప్పిన బేరం సరిగ్గా ఇదే. కాని ఈ బేరంలో ఒక అసమానత ఉంది. సంతకం శాశ్వతం. పుట్టింటి ఆదరణ మాత్రం అన్నదమ్ముల ఇష్టం మీద ఆధారపడినది. హక్కును గురించి మౌనంగా ఉండటం ఒక ఎత్తు, రిజిస్టరు పత్రంపై దాన్ని వదులుకోవడం మరో ఎత్తు. ఈ తేడా ప్రతి కుటుంబమూ తెలుసుకోవలసినది.

స్త్రీ ఇచ్చినదాన్ని వాటాగా కాక త్యాగంగా నమోదు చేయడం రాజకీయ చరిత్రలోనూ ఉంది. 1918లో పామర్రులో పుట్టిన కొండపల్లి కోటేశ్వరమ్మ బాల్యంలోనే వితంతువై, తరువాత కొండపల్లి సీతారామయ్యను పునర్వివాహం చేసుకుని కమ్యూనిస్టు ఉద్యమంలో పనిచేశారు. తన నగలు పార్టీకి ఇచ్చారు. భర్త దూరమయ్యాక హైదరాబాదు ఆంధ్ర మహిళా సభలో చదువుకుని, కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా ఉద్యోగం చేసి తన కాళ్ళపై నిలబడ్డారు. 2012లో వెలువడిన ఆమె ఆత్మకథ ‘నిర్జన వారధి’ ఈ క్రమాన్నంతా చెబుతుంది. బంగారం పోయిన తరువాత ఆమెకు వెన్నుదన్ను చదువు, ఉద్యోగమే.

అవగాహనను పరీక్షించుకోండి – 2
అ) 1986, 2005 సవరణల మధ్య ముఖ్యమైన తేడా ఏమిటి?
ఆ) ఆడపడుచు వాటా వదులుకోవడాన్ని చేతకానితనం అనడం ఎందుకు సరికాదు?

8. సంఘం వెన్నుదన్నుగా: దూబగుంట నుంచి పొదుపు సంఘాల వరకు

నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల ఆరంభంలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన స్త్రీలు సారా గురించి మాట్లాడుకున్నారు. వాచకంలోని పాఠం వారి ఇళ్ళ కథలాగే ఉంది. వర్ధినేని రోశమ్మ వంటివారు ముందుండి ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు. 1992లో ఉద్యమం జిల్లా అంతటా, ఆపై రాష్ట్రమంతటా వ్యాపించింది.

బేరం దృష్టితో చూస్తే వారి ఎత్తుగడ గమనించదగినది. ఇంట్లో భర్తతో విడివిడిగా చేసిన వాదన సాధింపుగా కొట్టివేయబడింది. వారు బేరాన్ని ఇంటి నుంచి సారా వేలంపాట దగ్గరకు మార్చారు. ప్రభుత్వానికి ఆదాయం స్థిరపడేది ఆ వేలంలోనే. అది ఆగితే ప్రభుత్వమే బల్ల దగ్గరకు రావాలి. నెల్లూరులో వేలం పదేపదే వాయిదా పడింది. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలైంది. 1997లో దాన్ని సడలించారు. సడలింపు నిర్ణయమైనప్పుడు ఉద్యమకాలపు సంఘటిత బలం అంతే స్థాయిలో లేదు. ఒప్పందం కుదర్చడంతో పని పూర్తికాదని, దాన్ని నిలబెట్టడానికీ వెన్నుదన్ను కావాలని ఇది చూపుతుంది.

ఈ ఉద్యమాన్ని ఎవరికి వారు తమ ఊహకు తగిన స్త్రీగా చిత్రించారని సూసీ తారు, తేజస్విని నిరంజన 1994లో రాశారు. సంసారం కాపాడుకునే తల్లి, నీతిని నిలబెట్టే గృహిణి, వర్గపోరాట యోధురాలు అంటూ పలు రూపాలు వచ్చాయి. పిల్లల కోసం, సంసారం కోసం అడిగినందువల్ల సమాజం వారిని మెచ్చుకుంది. మరొకరి తరఫున మాట్లాడే స్త్రీకి దొరికే మన్నన ఇది. అదే స్త్రీలు తమ కూలి కోసం, తమ భూమి కోసం అడిగితే అంత మెప్పు దక్కి ఉండేదా అన్నది చరిత్ర విద్యార్థి వేసుకోవలసిన ప్రశ్న.

ఆ తరువాత పొదుపు సంఘాలు విస్తరించాయి. బ్యాంకు మేనేజరుతో మాట్లాడటం, లెక్కలు రాయడం, సమావేశం నడపడం లక్షలాది స్త్రీలకు అలవాటైంది. సంప్రదింపుల పరిశోధన చెప్పిన అనుభవం ఇలా సమకూరింది. మరోవైపు, స్త్రీలు పరువుకు వెరసి అప్పు తప్పక కడతారనే మూసను సూక్ష్మరుణ వ్యాపారం పెట్టుబడిగా వాడుకుంది. వసూళ్ళలో బలవంతం జరుగుతోందన్న ఆరోపణలతో 2006లో కృష్ణా జిల్లా అధికారులు సూక్ష్మరుణ సంస్థల శాఖలను పెద్ద సంఖ్యలో మూయించారు. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. అణకువను మెచ్చుకునే మాట కూడా ఒక్కొక్కప్పుడు వసూలు సాధనమవుతుందని ఈ అనుభవం నేర్పింది.

9. ఆధారాలను చదివే పద్ధతి

స్త్రీల సంప్రదింపుల చరిత్ర రాయడానికి ఆధారాలు లేవనడం సగమే నిజం. అవి వేరే పేర్లతో ఉన్నాయి. గాథలో నిందగా, నాటకంలో హాస్యంగా, దస్తావేజులో సంతకంగా, పత్రికలో తల్లుల ఆవేదనగా ఉన్నాయి. స్త్రీ శక్తి సంఘటన 1986లో ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల మాటలను వారి నోటనే నమోదు చేసి, మౌఖిక చరిత్ర ఎంత అవసరమో చూపింది. మీ ఊళ్ళో నాట్ల ముఠా నడిపిన ఒక పెద్దామెను, వాటా విషయంలో నిర్ణయం తీసుకున్న ఒక ఆడపడుచును మాట్లాడించినా అది చారిత్రక ఆధారమే. అయితే వారి అనుమతి తీసుకోవాలి, పేరు బయట పెట్టకూడదు. ఎందుకు అడగలేదు అని నిలదీయడం కంటే, అడిగి ఉంటే ఏమయ్యేది అని వినాలి. మొదటి ప్రశ్నకు మూస జవాబు వస్తుంది. రెండో ప్రశ్నకు లెక్క బయటపడుతుంది.

10. సారాంశం

బేరమాడే శక్తి స్త్రీకో పురుషుడికో పుట్టుకతో వచ్చే గుణం కాదు. అనుభవం, వెన్నుదన్ను, అడిగినందుకు తగిలే మూల్యం దాన్ని నిర్ణయిస్తాయి. నాగమ్మ బేరం కుతంత్రమైంది, మాధవి బేరం హాస్యమైంది. నాట్ల కాలంలో కూలి స్త్రీ బలం కాలువ నీటితో పాటు పెరిగి, ఆపై తగ్గింది. దూబగుంట స్త్రీలు సంఘాన్ని వెన్నుదన్నుగా చేసుకుని ప్రభుత్వాన్ని ఒప్పించారు. మరొకరి కోసం అడిగే స్త్రీని మన సమాజం మెచ్చుకుంది. తనకోసం అడిగే స్త్రీని ఆశపోతు అంది. చట్టం చాలావరకు మారింది. ఆడపడుచు తన వాటా అడిగినా పుట్టింటి తలుపు తెరిచే ఉండే పరిస్థితి వచ్చినప్పుడే ఆ చట్టం ఇంటి లోపలికి వచ్చినట్లు.

11. ముఖ్య పదాలు

సంప్రదింపులు: వేర్వేరు ప్రయోజనాలున్న పక్షాలు మాటల ద్వారా ఒప్పందానికి వచ్చే ప్రయత్నం.
మూస భావన: ఒక సమూహంలోని వారందరికీ ఒకే గుణాన్ని ముందుగానే అంటగట్టే ఆలోచన.
వెన్నుదన్ను: బేరం తెగిపోతే నిలబడటానికి ఒక పక్షానికి ఉన్న ఆధారం.
పసుపు కుంకుమ: పెళ్ళి సందర్భంగా కూతురికి పుట్టింటివారు ఇచ్చే భూమి లేదా ఆస్తి.
హక్కు విడుదల దస్తావేజు: ఆస్తిలో తన హక్కును ఇతర వారసులకు వదులుతూ రాసే పత్రం.

12. నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. అలకపాన్పు ఆచారం ఆధారంగా మూస భావనను వివరించండి.
2. భామాకలాపంలో మధ్యవర్తి పాత్ర ప్రాధాన్యం ఏమిటి?
3. నాట్ల కూలి బేరంలో కాలం పాత్రను తెలపండి.

II. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. సంప్రదింపుల అధ్యయనంలో జెండర్ గురించిన అభిప్రాయాలు 1975 నుంచి 2015 వరకు ఎలా మారాయో చర్చించండి.
2. ఆస్తి హక్కు చట్టాలు వచ్చినా స్త్రీలు వాటా అడగకపోవడానికి గల చారిత్రక, సామాజిక కారణాలను విశ్లేషించండి.
3. దూబగుంట ఉద్యమాన్ని సామూహిక సంప్రదింపులుగా పరిశీలించండి.